ఎర్రనీళ్ళు దిగకముందే చదవండి: డౌన్‌రిగ్గర్ లేకుండా కయాక్ మీద ట్రోలింగ్

జూన్ అయిపోవస్తోంది, ఇంక కృష్ణకి పైనుంచి ఎర్రనీళ్ళు (వరద నీళ్ళు) ఎప్పుడైనా దిగుతాయి. విజయవాడ దగ్గర భవానీ ద్వీపం వైపో, ఇబ్రహీంపట్నం ఫెర్రీ వైపో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) వేసుకుని వాలుగ చేప కోసం ట్రోలింగ్‌కి, అంటే లూర్ (ఉత్తుత్తి ఎర) వెనకాల ఈడ్చుకుంటూ, పోదామనుకుంటే ముందు మత్స్యశాఖ వాళ్ళనీ ఇరిగేషన్ వాళ్ళనీ అడగండి, వద్దన్న చోటికి పోవద్దు, ఇందులో వాదన లేదు.

డౌన్‌రిగ్గర్ (కేబులుకి బరువు కట్టి లూర్‌ని లోతుకి దించే సామాను) లేదని బాధేం అక్కర్లేదు, కయాక్ మీద ఆ బరువూ ఆ కేబులూ లేకపోవడమే మేలు. ముందు పెద్ద లిప్ (రేకులాంటి మూతి) ఉన్న డీప్ డైవింగ్ లూర్‌కి సన్నటి బ్రెయిడ్ (అల్లిన లైన్) కడితే నీళ్ళు లైన్‌ని లాగేది తక్కువ కాబట్టి బాగానే లోతుకి పోద్ది. ఇంకా కిందకి కావాలంటే లూర్‌కి రెండు బారల ముందు సీసం కట్టుకోవచ్చు. కాకపోతే సీసం ఉన్నప్పుడు తెడ్డు ఆపారా, మొత్తం అడుక్కి పోయి ఏ పాత వలనో మొద్దునో పట్టుకుంటది. కొత్తవాళ్ళు సీసం లేకుండా తేలే లూర్ వాడండి, ఆగితే అదే పైకి వచ్చేస్తది.

అసలు ప్రమాదం ఈ పట్టుకోవడంలోనే ఉంది. ప్రవాహానికి ఎదురు తెడ్డేస్తున్నప్పుడు చిక్కితే పర్లేదు, తెడ్డు ఆపితే నీళ్ళే మిమ్మల్ని దాని మీదకి తెస్తాయి, లైన్ చుట్టుకుంటూ విడిపించుకోవచ్చు. వాలుకి పోతున్నప్పుడు చిక్కిందనుకోండి, పలుపు బిగిసిన దూడలా పడవ టక్కున ఆగిపోద్ది, వెనకనుంచి నీళ్ళు తోస్తుంటాయి, లైన్ కాస్త పక్కకి జరిగితే పడవ అడ్డం తిరిగి బోల్తా కొడతది. అందుకే డ్రాగ్ (రీల్ బిగువు) చేప కొడితే గిర్రున తిరిగేంత లూజుగా ఉంచాలి, కత్తి లైఫ్ జాకెట్ ముందు చేతికందేట్టు ఉండాలి, బ్యాగులో కాదు. లూర్ ఎంత రేటైనా కోసెయ్యండి. రాడ్ లీష్ (రాడ్‌ని పడవకి కట్టే తాడు) కూడా టక్కున ఊడొచ్చే క్లిప్‌తో పెట్టుకోండి. లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టుకునే పెద్దమనుషులకి నేను చెప్పేదేం లేదు.

వరద సంగతి. పైనున్న పులిచింతల డ్యామ్ గేట్లు మూసున్నాయి కదా అని ధీమాగా ఉండకండి, ఖమ్మం వైపు వాన పడితే మున్నేరు పులిచింతల కిందే కృష్ణలో కలుస్తది, ఇక్కడ ఎండ కాస్తున్నా నీళ్ళు పెరుగుతాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకి, రెండోది 5.69 లక్షలకి ఇస్తారు, కానీ కయాక్‌కి అంతవరకూ ఆగక్కర్లేదు, గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, ఆ రోజు దిగొద్దు. 2024 సెప్టెంబర్ వరదలో పెద్ద పెద్ద బోట్లే కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకున్నాయి, మీ తెడ్డెంత. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా వస్తున్నా నీళ్ళు కదిలాయనే లెక్క, పైగా అది లైన్‌కి చుట్టుకుంటే చేప పడ్డంత బరువు లాగుద్ది.

వరసగా థర్మకోల్ ముక్కలో బెండ్లో కనపడితే అడుగున ఎవరిదో వల ఉన్నట్టు, దూరంగా చుట్టి రండి. జెల్ల పడితే వట్టి చేత్తో పట్టుకోవద్దు, పక్క ముళ్ళు గుచ్చుకుంటే చెయ్యి వాచి తెడ్డు పట్టలేరు. వాలుగకైతే పళ్ళు, నోట్లో వేలు పెట్టకుండా గ్రిప్పర్ వాడండి, చేప ఒళ్ళో పడి ఎగిరేలోపే ట్రెబుల్ హుక్ (మూడు కొక్కేల గాలం) ప్లయర్‌తో తీసెయ్యాలి.