సిడ్నీలో లామ్స్ బండి: కొత్తల్లో వచ్చే ఇబ్బందులు, వాటి అసలు కారణాలు

వెంట్‌వర్త్‌విల్, బ్లాక్‌టౌన్, స్కోఫీల్డ్స్ వైపు ఉండే మనవాళ్ళు ఎవరైనా లెర్నర్ లైసెన్స్ తీసుకుని లామ్స్ బండి (లెర్నర్లకు రూల్ ప్రకారం అనుమతించిన బండి) కొన్నారంటే, కొద్ది రోజుల్లోనే నాకు ఫోన్ వస్తుంది. "అన్నా, బండిలో ఏదో తేడా ఉంది." తేడా ఏమిటో చెప్పమంటే అందరూ చెప్పేవి దాదాపు అవే. కొన్ని నిజంగానే బండి లోపాలు. కొన్ని ఇండియాలో చేతికి, కాలికి అలవాటైన పద్ధతి ఇక్కడి బండికి సరిపడక వచ్చేవి. మిగతావి రూల్ ప్రకారం అలా ఉండాల్సినవే, వాటిని ఎవరూ బాగుచేయలేరు. ఇక్కడ వర్క్‌షాప్‌లో గంటకు తీసుకునే లేబర్ చూస్తే మనూరి షెడ్డు గుర్తొచ్చి ఏడుపొస్తుంది కాబట్టి, బండిని అక్కడికి తీసుకెళ్ళే ముందు మీ సమస్య ఈ మూడింట్లో దేనికిందకు వస్తుందో చూసుకోండి.

"650 సీసీ అన్నారు, లాగట్లేదు"

ముందు లామ్స్ అంటే ఏమిటో తెలిస్తే ఇందులో సగం తేలిపోతుంది. లెర్నర్ బండి ఇంజన్ 660 సీసీ దాటకూడదు, పవర్ టన్ను బరువుకు 150 కిలోవాట్లు మించకూడదు. ఆ బరువులో రైడర్ కింద 90 కిలోలు కూడా కలుపుతారు. నింజా 400 తీసుకోండి. సుమారు 33 కిలోవాట్ల పవర్, బండి సుమారు 168 కిలోలు, దానికి 90 కలిపితే 258, అంటే టన్నుకు 130 దగ్గర తేలుతుంది, పాస్. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 648 సీసీ అయినా పవర్ 47 హార్స్‌పవరే, బరువేమో 200 కిలోల పైన, కాబట్టి అదీ పాస్.

యమహా ఎంటీ-07 సంగతి వేరు. మామూలు బండి 689 సీసీ, లెర్నర్ల కోసం అమ్మేది 655 సీసీ, పవర్ కూడా తగ్గించి ఇస్తారు. ఇలా పవర్ తగ్గించిన బండ్లలో పై ఆర్‌పీఎంకు వెళ్ళాక రేజ్ ఎంత ఇచ్చినా ఎవరో పట్టుకుని ఆపినట్టు ఉంటుంది. అది లోపం కాదు, మీరు కొన్నదే అది. ఆ కట్టు విప్పిస్తామనేవాళ్ళు దొరుకుతారు, వాళ్ళ మాట వినొద్దు. కట్టు విప్పిన బండి ఇక లామ్స్ బండి కాదు, మీ లైసెన్స్‌కు అనుమతి లేని బండి మీద తిరుగుతున్నట్టు లెక్క. క్లెయిమ్ తిరగ్గొట్టడానికి ఇన్సూరెన్స్ వాళ్ళకు అంతకన్నా పెద్ద సాకు అక్కర్లేదు.

లాగకపోవడానికి నిజంగా బండే కారణమయ్యే సందర్భం ఒకటుంది. ఇంజన్ మోత పెరుగుతుంది గానీ స్పీడు పెరగదు. అంటే క్లచ్ జారుతోంది. లివర్ దగ్గర ఒక రెండు మూడు మిల్లీమీటర్ల ఫ్రీ ప్లే (కేబుల్ బిగిసేలోపు లివర్ ఖాళీగా కదిలే దూరం) ఉందో లేదో చూడండి. అసలు లేకపోతే కేబుల్ బిగుసుకుపోయి ఉంది, లివర్ దగ్గరున్న అడ్జస్టర్‌తో వదులు చేయండి. సెకండ్ హ్యాండ్ బండైతే ఆయిల్ ఏది పోశారో కనుక్కోండి. చాలా బైకుల్లో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, కారు ఆయిల్ పోస్తే జారొచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని (ఇలాంటి క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు) ఉండాలి.

"పై గేరు వేస్తే బండి గట్టిగా కుదిపి, వెనక చక్రం పట్టేసింది"

ఈ మాట విన్నవెంటనే నేనడిగే మొదటి ప్రశ్న, ఇంటి దగ్గర ఏ బండి నడిపేవారు అని. స్ప్లెండర్ అంటే ఇక చూడనక్కర్లేదు. స్ప్లెండర్‌లో న్యూట్రల్ నుంచి నాలుగు గేర్లూ ముందుకు, కిందికి తొక్కుతూ పోవడమే. ఇక్కడి బండ్లలో ఒకటో గేరు మాత్రమే కిందికి, మిగతావన్నీ కాలి వేలితో పైకి ఎత్తాలి, న్యూట్రల్ ఒకటికీ రెండుకీ మధ్య. మూడో గేరులో వెళ్తూ పాత అలవాటుగా కిందికి తొక్కితే పడేది నాలుగు కాదు, రెండు. ఇంజన్ గిర్రున లేచి, వెనక చక్రం ఒక్క క్షణం పట్టేస్తుంది, తడి రోడ్డు మీదైతే పక్కకు కూడా జారుతుంది. పల్సర్ నుంచి వచ్చినవాళ్ళకు ఈ బాధ లేదు, వాళ్ళది ఒకటి కిందికి, మిగతావి పైకి.

దీనికి మెకానిక్ ఏమీ చేయలేడు. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే ఏ షాపింగ్ సెంటర్ కార్ పార్కుకో వెళ్ళి, బయటి శబ్దాలు పట్టించుకోకుండా, ప్రతి గేరుకూ ముందు మనసులో "ఎత్తు" అనుకుంటూ వేయండి. కాలి వేలు లివర్ మీదే పెట్టుకుని తిరగొద్దు, గేరు వేయగానే పాదం ఫుట్‌రెస్ట్ మీదికి వెనక్కి లాగేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, కొన్నాళ్ళు రద్దీ టైంలో పరమట్టా రోడ్డు ఎక్కకండి. టెన్షన్ వస్తే కాలు పాత దారే పడుతుంది.

గేర్ల గురించే ఇంకో ఫిర్యాదు ఉంది, అది వింటే నాకు నవ్వొస్తుంది: కవాసాకీ కొన్నాక "ఆగి ఉన్నప్పుడు రెండో గేరు పడట్లేదు" అని. పడదు. ఆ కంపెనీ బండ్లలో నిలబడి ఉన్నప్పుడు ఒకటో గేరు నుంచి లివర్ ఎత్తితే న్యూట్రల్ దగ్గరే ఆగేలా ఏర్పాటు ఉంటుంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ కోసం వెతుక్కోకుండా. బండి కదిలితే రెండు మామూలుగానే పడుతుంది. వేరే కంపెనీ బండ్లలో న్యూట్రల్ దొరక్కపోతే, పూర్తిగా ఆగకముందే, మెల్లగా దొర్లుతుండగానే రెండు నుంచి న్యూట్రల్‌కు దించండి. అప్పుడూ దొరక్కుండా, క్లచ్ పూర్తిగా పట్టినా బండి ముందుకు పాకుతుంటే మాత్రం కేబుల్ మరీ వదులై ఉంటుంది.

"గ్రీన్ సిగ్నల్ పడి కదలబోతే ఇంజన్ ఆగిపోతోంది"

యాక్టివా నుంచి నేరుగా వచ్చినవాళ్ళ సమస్య ఇది. ఈ కాలం బండ్లలో క్లచ్ చాలా తేలిక, రెండు వేళ్ళతో పట్టొచ్చు, కానీ తేలికగా ఉండటం వల్లే అది ఎక్కడ పట్టుకుంటోందో చేతికి తెలియదు. రేజ్ అసలు ఇవ్వకుండా, క్లచ్ మాత్రమే మెల్లగా వదులుతూ బండి ముందుకు వంగబోయే చోటు కనుక్కోండి. అక్కడ లివర్ ఆపి, మళ్ళీ పట్టండి. ఇది విసుగొచ్చేదాకా చేయాలి. ఆ తర్వాత ఆ చోటు దగ్గర కొంచెం రేజ్ కలపడం, వెనక బ్రేక్ లైట్‌గా తొక్కి ఉంచి నడక వేగంతో వెళ్ళడం.

బండి నిజంగా తనంతట తానే ఆగిపోతుంటే, అంటే న్యూట్రల్‌లో, క్లచ్ ముట్టకుండా ఉన్నా, అప్పుడు అది వర్క్‌షాప్ కేసే.

"గేరు వేయగానే ఇంజన్ ఆఫ్", "సెల్ఫ్ పడట్లేదు"

సైడ్ స్టాండ్ తీయండి. స్టాండ్ కింద ఉండగా గేరు పడితే ఇంజన్ ఆపేసే స్విచ్ ఉంటుంది. స్టాండ్ తీసినా అలాగే ఉంటే ఆ స్విచ్‌లో మట్టి చేరిందేమో చూడండి. సెల్ఫ్ విషయానికొస్తే ముందు చూడాల్సింది కుడిచేతి దగ్గర ఇంజన్ ఆపే ఎర్ర స్విచ్, పార్కింగ్‌లో ఏ పిల్లాడో నొక్కి ఉండొచ్చు. తర్వాత క్లచ్. కొన్ని బండ్లకు న్యూట్రల్‌లో ఉన్నా క్లచ్ పడితేనే సెల్ఫ్ పడుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉండి టిక్ టిక్‌మని శబ్దం మాత్రమే వస్తుంటే బ్యాటరీ. చలికాలంలో వారాల తరబడి గ్యారేజ్‌లో వదిలేస్తే దిగిపోతుంది, వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే ఇంకా త్వరగా దిగుతుంది, ఎందుకంటే సెల్ఫ్ తీసుకున్నది ఆ అయిదు నిమిషాల్లో తిరిగి చేరదు. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపించాలి. బ్యాటరీ మెయింటెయినర్ (బ్యాటరీ దిగకుండా చార్జ్‌లో ఉంచేది) ఒకటి కొనుక్కుంటే ఈ గొడవ ఉండదు. మన బండ్లకు కిక్ ఉండేది కదా అని దిగులు పడటం తప్ప వేరే దారి లేదు.

"ఎం7 మీద బండి ఊగుతోంది, లారీలు మీదికొస్తున్నాయి"

ఇందులో రెండు కారణాలు కలిసిపోయి ఉంటాయి. న్యూ సౌత్ వేల్స్‌లో లెర్నర్‌కూ, పీ1కూ (లెర్నర్ తర్వాత వచ్చే మొదటి ప్రొవిజనల్ లైసెన్స్) గంటకు 90 కిలోమీటర్లే పరిమితి. ఎం7 మోటర్‌వే మీద అందరూ 100తో వస్తుంటే మీరు 90తో వెళ్ళాలి, కాబట్టి వెనకవాళ్ళు మీదికొచ్చినట్టే ఉంటుంది. రూల్ మారదు, మీరే ఎడమ లేన్‌లో ఉండండి, అద్దంలో మాటిమాటికీ చూస్తూ ముందు బండికి బాగా దూరం వదలండి, మొదటి నెలల్లో మోటర్‌వే లేని దారి ఎంచుకోండి. నా మట్టుకు నాకు కొత్తవాళ్ళను మోటర్‌వే మీదికి ఎక్కించడం కన్నా వైజ్‌మన్స్ ఫెర్రీ వైపు ఓల్డ్ నార్తర్న్ రోడ్డు మీద, అదీ వీకెండ్ కాకుండా పంపడం మేలనిపిస్తుంది.

ఊగడం సంగతి చాలాసార్లు చేతులదే. భయంతో హ్యాండిల్ గట్టిగా బిగిస్తే గాలి మీ ఒంటిని తోసిన ప్రతిసారీ ఆ తోపు హ్యాండిల్‌కు చేరుతుంది. మోకాళ్ళతో ట్యాంక్ పట్టుకుని మోచేతులు వదులు చేయండి. మణికట్టు నొప్పి, వేళ్ళ తిమ్మిరి కూడా దీనితోనే చాలావరకు పోతాయి. వదులు చేశాక కూడా ఊగుతుంటే టైర్లలో గాలి చూడండి, పొద్దున్నే, బండి నడపకముందు. ఎంత ఉండాలో చైన్ గార్డ్ మీదో స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే ఇనుప చేయి) మీదో స్టిక్కర్ ఉంటుంది. పెట్రోల్ బంకు మీటరు కేపీఏలో ఉంటే కంగారొద్దు, 200 కేపీఏ అంటే దాదాపు 29 పీఎస్ఐ, 250 అంటే 36. అక్కడి గాలి గొట్టం నోజిల్ బైకు రిమ్ములో దూరకపోతే వంపు తిరిగిన చిన్న అడాప్టర్ దొరుకుతుంది, సీటు కింద పెట్టుకోండి.

పంక్చర్ గురించి ఒక మాట. ట్యూబ్‌లెస్ అయితే ప్లగ్ కిట్‌తో రోడ్డు పక్కనే నెట్టుకురావచ్చు. ఎన్‌ఫీల్డ్ ఊచల చక్రాల బండ్లలో చాలావాటికి ట్యూబులుంటాయి, దానికి ప్లగ్ పనిచేయదు, వీధి చివర పంక్చర్ షాపు ఇక్కడ ఉండదు. ఆ బండి కొంటే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకోండి.

"ముందు బ్రేక్ పడితే లివర్ కొట్టుకుంటోంది"

గట్టిగా పట్టినప్పుడు మాత్రమే, కంకరలోనో తడిలోనో లివర్ అదిరితే అది ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) తన పని చేయడం. వదలకండి, పట్టి ఉంచండి. మనలో చాలామందికి "ముందు బ్రేక్ పట్టకు, పల్టీ కొడతావ్" అని చిన్నప్పుడే చెప్పారు, అందుకే కాలు బ్రేకే వాడతారు, బండి ఆగదు. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. ఇక్కడి ట్రైనింగ్‌లో చెప్పేదల్లా లివర్‌ను ముందు కొంచెం నొక్కి, బరువు ముందుకు వచ్చాక ఇంకా గట్టిగా పిండమని. ఒక్కసారిగా గుంజితేనే ప్రమాదం. మామూలుగా మెల్లగా పట్టినప్పుడు కూడా అదురుతుంటే డిస్క్ వంగి ఉండొచ్చు, చూపించండి.

"చైన్ గరగర"

ఎండిపోయి ఉంటుంది, లేదా వదులై ఉంటుంది. పాత ఇంజన్ ఆయిల్ పోసే షెడ్డు అలవాటు మానేయండి, ఇది లింకుల మధ్య రబ్బరు రింగులున్న చైను. పెట్రోల్‌తో కడగొద్దు, ఆ రబ్బరు పాడవుతుంది. కిరోసిన్‌తో తుడిచి చైన్ లూబ్ కొట్టండి, అయిదారు వందల కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే వెంటనే.

"ఫైన్ పడింది, ఎందుకో తెలియదు"

ఎక్కువగా నాలుగు కారణాలు. కార్ల మధ్యలోంచి సిగ్నల్ ముందుకు రావడం ఇక్కడ 2014 జులై 1 నుంచి చట్టబద్ధమే, కానీ ఫుల్ లైసెన్స్ ఉన్నవాళ్ళకే, అదీ 30 కిలోమీటర్ల లోపు వేగంలో. ఎల్ (లెర్నర్), పీ (ప్రొవిజనల్) వాళ్ళకు లేదు. డబుల్స్ ఎక్కించుకోవడం లెర్నర్‌కు లేదు, భార్యయినా సరే, ఇంటి సందు చివరి వరకైనా సరే. హెల్మెట్ ఇండియా నుంచి తెచ్చిన ఐఎస్ఐ మార్కుది చెల్లదు, ఏఎస్/ఎన్‌జెడ్ఎస్ 1698 (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రమాణం) గానీ ఈసీఈ 22.05, 22.06 (యూరప్ ప్రమాణం) గానీ మార్కు ఉండాలి. నాలుగోది హారన్. ఎవరినైనా హెచ్చరించాల్సిన అవసరం లేకుండా ఊరికే కొట్టడం ఇక్కడ నేరం.

"సాయంత్రం చూస్తే బండి పడిపోయి ఉంది"

ఎండాకాలం తారు మెత్తబడి సైడ్ స్టాండ్ దిగబడుతుంది. అడుగున చిన్న చెక్కముక్కో, స్టాండ్ ప్లేటో పెట్టాలి. ఏటవాలులో ఒకటో గేరులో వదలండి. పడిన బండిని లేపగానే స్టార్ట్ చేయకండి. లివర్లు విరిగాయా, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరుగుతోందా, రేజ్ తిప్పి వదిలితే తనే వెనక్కి వస్తోందా చూడండి. కింద పెట్రోల్ కారి ఉంటే ఆరనివ్వండి. ముందు ఫోర్కు గొట్టం మీద నూనె తడి కనిపిస్తే, అది డిస్క్ మీదికి జారితే బ్రేక్ పనిచేయదు. ముందు బ్రేక్ లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసినా అంతే. ఈ రెండిట్లో ఏదున్నా వర్క్‌షాప్ పక్క వీధిలో ఉన్నా నడిపించుకుపోవద్దు, టోయింగ్‌కు ఫోన్ చేయండి.