స్క్రీన్ మార్చాక బొమ్మ రాకపోతే, కేబుల్ ముట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

గత నెలలో బెంగళూరు మారతహళ్ళిలోని ఒక పీజీ నుంచి ఒంగోలు కుర్రవాడు ఒకడు లాప్‌టాప్ తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. పగిలిన స్క్రీన్ స్థానంలో ఎస్.పి. రోడ్డులో కొన్న కొత్త ప్యానెల్‌ను వీడియో చూస్తూ తానే బిగించుకున్నాడు. వీడియోలో చెప్పినట్టు మొదట బ్యాటరీ కూడా తీశాడు. బిగించి ఆన్ చేస్తే బొమ్మ రాలేదు. కేబుల్ సరిగా కూర్చోలేదేమోనని షట్‌డౌన్ చేసి, కేబుల్‌ను ఊడదీసి మళ్ళీ పెట్టాడు. ఈసారి స్క్రీన్ ఒక్క క్షణం తెల్లగా మెరిసి ఆరిపోయింది. ప్యానెలే చెడ్డదనుకుని మరుసటి రోజు ఇంకొకటి తెచ్చి పెట్టాడు. అదీ వెలగలేదు. నేను బోర్డును మాగ్నిఫయర్ కింద పెట్టి చూస్తే డిస్‌ప్లే కనెక్టర్‌లో రెండు పిన్నుల మధ్య ప్లాస్టిక్ కరిగి నల్లబడి ఉంది. దాని పక్కనే ఉన్న, బియ్యపు గింజలో సగం కూడా లేని బ్యాక్‌లైట్ (తెరకు వెనకనుంచి వెలుగునిచ్చే దీపం) ఫ్యూజు కాలిపోయింది.

‘‘షట్‌డౌన్ చేసే తీశానన్నా’’ అని అతను పదే పదే చెప్పాడు. అతను చెప్పింది నిజమే. షట్‌డౌన్ చేశాడు, కానీ రెండోసారి బ్యాటరీ తీయలేదు.

పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మనుషులను ముంచే తప్పు ఎప్పుడూ ఇక్కడే జరుగుతోంది. మొదటిసారి విప్పేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. బొమ్మ రానప్పుడు ఓపిక నశించి, కేబుల్ ఒక్కసారి తీసి పెట్టి చూద్దామనుకునే ఆ రెండోసారే బోర్డులు కాలుతున్నాయి. దీనికి కారణం కూడా స్పష్టమే. స్క్రీన్ మార్చడానికి ముందువైపు ఫ్రేము ఊడదీస్తే చాలు, అడుగు మూత విప్పనక్కరలేదు. బ్యాటరీ మాత్రం అడుగున ఉంటుంది, దాని కోసం ఎనిమిదో పదో స్క్రూలు మళ్ళీ విప్పాలి. ఆ స్క్రూల దగ్గర బద్ధకించినందుకు బోర్డు ఖరీదు చెల్లించినవారిని నేను చాలామందిని చూశాను.

షట్‌డౌన్ చేస్తే ఎందుకు చాలదో తెలుసుకుంటే ఈ జాగ్రత్తను ఎవరూ విడిచిపెట్టరు. ప్యానెల్‌లో బొమ్మను నడిపే సర్క్యూట్‌కు 3.3 వోల్టులు సరిపోతాయి. కానీ వెనకనుంచి వెలుగునిచ్చే ఎల్‌ఈడీల కోసం వచ్చే తీగల్లో, చాలా లాప్‌టాప్‌లలో, బ్యాటరీ లేదా ఛార్జర్ వోల్టేజీ దాదాపు ఉన్నదున్నట్టే వస్తుంది, ఛార్జర్ పెట్టి ఉంటే అది 19 వోల్టుల దాకా ఉండవచ్చు. ఈ తీగలూ, నేరుగా ప్రాసెసర్ దాకా వెళ్ళే సిగ్నల్ తీగలూ వేలి గోరు వెడల్పు కంటే కాస్త పెద్దదైన ఒకే కనెక్టర్‌లో పక్కపక్కన కూర్చుంటాయి. 30 పిన్నుల కనెక్టర్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర మిల్లీమీటరు మాత్రమే. కేబుల్ వెంట్రుకవాసి వంకరగా దిగినా ఒక పిన్నుకు వెళ్ళవలసిన వోల్టేజీ పక్క పిన్నుకు వెళుతుంది. లాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ నుంచి బోర్డుకు విద్యుత్తు అందుతూనే ఉంటుంది. పైగా కొన్ని మోడళ్ళు స్క్రీన్ మూత తెరిచినట్టు అనిపించగానే వాటంతట అవే ఆన్ అవుతాయి. కేబుల్ మీ చేతిలో ఉండగానే యంత్రం మేల్కొనవచ్చు.

కనుక కేబుల్‌ను ఎన్నిసార్లు ముడితే అన్నిసార్లూ క్రమం ఒకటే. ఛార్జర్ తీయాలి. అడుగు మూత విప్పి బ్యాటరీ కనెక్టర్‌ను, తీగలు పట్టి లాగకుండా, రెండు అంచుల దగ్గర గోటితో కొద్దికొద్దిగా కదిలించి బోర్డు నుంచి ఊడదీయాలి. పవర్ బటన్‌ను ఇరవై సెకన్లు నొక్కి పట్టుకుంటే బోర్డు మీది కెపాసిటర్లలో నిలిచి ఉన్న విద్యుత్తు దిగిపోతుంది. ఆ తర్వాతే కేబుల్. చాలా థింక్‌ప్యాడ్‌లలో బయాస్ (విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల తెర) నుంచే లోపలి బ్యాటరీని నిలిపివేసే సదుపాయం ఉంది, అయితే ఛార్జర్ పెట్టగానే అది మళ్ళీ పనిలోకి వస్తుందని మరవకూడదు.

అసలు కేబుల్ దాకా వెళ్ళే అవసరం ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. ఏమీ విప్పకుండా చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. హెచ్‌డీఎంఐ తీగతో టీవీకో మానిటర్‌కో కలిపి చూడండి. అక్కడ బొమ్మ వస్తే లోపం చాలావరకు ప్యానెల్, కేబుల్, బ్యాక్‌లైట్ ఈ మూడింటి దగ్గరే ఉంటుంది. గది చీకటి చేసి ఫోను టార్చిని స్క్రీన్‌కు ఏటవాలుగా పట్టి చూడండి. మసకగా అక్షరాలు కదులుతూ కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెలుగు రావడం లేదు. ఫ్యూజు కాలిన లాప్‌టాప్‌కు ముఖ్యమైన గుర్తు ఇదే, ఫ్యూజే కాలి ఉంటే ఎన్ని ప్యానెళ్ళు మార్చినా ఫలితం ఉండదు. వెలుగు వచ్చి బొమ్మ లేకుండా అంతా తెల్లగా ఉంటే సిగ్నల్ అందడం లేదేమోనని చూడాలి. కంపెనీ గుర్తు, బయాస్ తెర సరిగా కనిపించి విండోస్ వచ్చాకే నల్లబడితే అది స్క్రూడ్రైవర్‌తో పోయే జబ్బు కాదు. విండోస్, పీ మీటలు కలిపి నొక్కి బొమ్మ రెండో తెరకు వెళ్ళిపోయిందేమో చూడండి, ఆ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ (బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్) సంగతి చూడండి. చాలా డెల్ లాప్‌టాప్‌లలో డీ మీట నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే తెర నిండా రంగులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఆ రంగుల మీద కూడా గీతలుంటే అనుమానించవలసింది ప్యానెల్‌ను లేదా కేబుల్‌ను.

స్క్రీన్ మూతను ఒక కోణంలో ఉంచితే బాగుండి, ఇంకొంచెం వంచితే మిణుకుమంటే ప్యానెల్‌ను నిందించవద్దు. మూత తిరిగే కీలు (హింజ్) దగ్గర కేబుల్ నలిగి ఉంటుంది. ఉన్నట్టుండి తెర ఆరిపోయి, మూత కదిపితే వెలిగితే మూత మూసినట్టు గుర్తించడానికి పెట్టిన చిన్న అయస్కాంతం ఫ్రేములో తన చోటు తప్పిందేమో చూడాలి.

ప్యానెల్ కొనేటప్పుడు లాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి కొనవద్దు, ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల ప్యానెళ్ళు వస్తాయి. పాత ప్యానెల్ వెనక స్టిక్కర్ మీది నంబరు చూపించి కొనండి. 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ అన్నంత మాత్రాన సరిపోదు. మామూలు 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే) ప్యానెళ్ళు ఎక్కువగా 30 పిన్నులవి, 144 హెర్ట్జ్ ప్యానెళ్ళు ఎక్కువగా 40 పిన్నులవి. పిన్నులు సరిపోని కేబుల్‌ను బలవంతంగా దింపడమంటే చేజేతులా షార్ట్ చేయడమే.

ఇక పని మొదలుపెట్టేవారు ఇవి పాటించాలి.

బ్యాటరీ తీయండి.

కనెక్టర్ మీద పారదర్శకమైన టేపు ఉంటే ముందు దాన్ని పూర్తిగా ఎత్తండి. సన్నని ఇనుప కొక్కెం ఉంటే దాన్ని పైకి లేపండి. అది లేపకుండా లాగితే కనెక్టరే ప్యానెల్ నుంచి ఊడి వస్తుంది.

కేబుల్‌ను పైకి లాగవద్దు. ప్యానెల్‌కు సమాంతరంగా, నెమ్మదిగా జరపండి.

ప్యానెల్ కింది అంచును వేళ్ళతో నొక్కి పట్టుకోవద్దు. ఆ పట్టీలోనే సర్క్యూట్ ఉంటుంది, నిలువు గీతలు చాలాసార్లు అక్కడి నుంచే మొదలవుతాయి.

వానలో బండి మీద తెచ్చిన లాప్‌టాప్‌ను వచ్చిన వెంటనే విప్పవద్దు, ఆన్ చేయవద్దు.

ఫ్రేము బిగించక ముందే పరీక్షించండి. పైన ఉన్న రక్షణ పొరను అప్పుడే ఊడదీయవద్దు, అది తీసిన ప్యానెల్‌ను దుకాణంవారు వెనక్కి తీసుకోరు.

పరీక్షలో బొమ్మ రాలేదా? కేబుల్ వైపు చెయ్యి పోనివ్వవద్దు. ఆఫ్ చేయండి, ఛార్జర్ తీయండి, అడుగు మూత విప్పండి, బ్యాటరీ తీయండి. రెండోసారి కూడా. మూడోసారి కూడా.

పిన్నులు వంగి ఉంటే సూదితో సరిచేయబోవద్దు.

కాలిన ఫ్యూజు చోట తీగ ముక్క పెట్టి అతికించే వారికి లాప్‌టాప్ ఇవ్వవద్దు.

ఒక్కసారి మెరిసి ఆరిపోయినా, కాలిన వాసన వచ్చినా అక్కడితో ఆపండి. ఇంకో ప్యానెల్ పెట్టి చూడవద్దు, బోర్డులో షార్ట్ ఉంటే అదీ పోతుంది. బోర్డు పని తెలిసినవారి దగ్గరికి తీసుకువెళ్ళి, బ్యాటరీ ఉండగా కేబుల్ తీసి పెట్టామని దాచకుండా చెప్పండి. ఆ మాట ముందే చెబితే మేము కొత్త ప్యానెల్ తగిలించకుండా, మీటరు తీసుకుని నేరుగా ఫ్యూజు దగ్గర మొదలుపెడతాము.