ఇండియా ట్రిప్ ముందు రీఫ్ టాంక్‌లో రాళ్లు తీస్తున్నారా? కాస్త ఆగండి

డిసెంబర్ టికెట్లు చాలామందికి బుక్ అయిపోయుంటాయి. వెళ్లేలోపు ఇల్లు సర్దినట్టే టాంక్ కూడా సర్దేద్దాం, ఆ ఎక్కువైన రాళ్లు నాలుగు తీసేద్దాం అని ఏదో ఒక శనివారం చేతులు పెట్టేస్తాం. అద్దం తుడవడం, నీళ్లు మార్చడం అయితే పర్లేదు కానీ ఏళ్లుగా నడుస్తున్న రీఫ్ టాంక్‌లోంచి, అంటే పగడాలు (కోరల్స్) పెంచే ఉప్పునీళ్ల అక్వేరియంలోంచి, లైవ్ రాక్ (బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టి ఉన్న రాయి) తీసే పని మాత్రం దయచేసి ప్రయాణం ముందు పెట్టుకోకండి. ఆఖరి రాయి తీశాక కనీసం నెల రోజులు మీరు ఇంట్లో ఉండాలి, అలా కుదరదనుకుంటే తిరిగొచ్చాకే మొదలుపెట్టండి. ఎందుకంటే ఇందులో నష్టం తీసిన రోజు కనపడదు, మూడో రోజో వారానికో బయటపడుతుంది, అప్పటికి మీరు విజయవాడలో ఉంటారు, ఇక్కడ అమెరికాలో మేత వేయడానికి వచ్చే ఫ్రెండ్‌కి ఏం జరుగుతోందో అర్థం కాదు.

మాది డల్లాస్ దగ్గర, 75 గ్యాలన్ల టాంక్, ఏడేళ్లది. అప్పట్లో గ్యాలన్‌కి పౌండు నుంచి పౌండున్నర రాయి ఉండాలి అని అందరూ చెప్పే లెక్క, నేనూ 90 పౌండ్లు పేర్చేశా. కోరల్స్ పెరిగేసరికి అదంతా ఒక గోడలా తయారైంది, వెనక నీళ్లు కదలవు, మడ్డి పేరుకుపోయింది, ఎన్నిసార్లు నీళ్లు మార్చినా నైట్రేట్ దిగదు. అందులోంచి 30 పౌండ్లు తీయడానికి నాకు రెండు నెలల పైనే పట్టింది, నాలుగు విడతల్లో తీశా, విడతకీ విడతకీ మధ్య మూడు వారాలు. అంత నెమ్మదా అంటే అవునండి, అంత నెమ్మదే. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువ ఉండేది ఆ రాళ్ల మీదే, వాటి కన్నాల్లోనే, అసలు ఫిల్టర్ అంటే అదే. దాన్ని ఒక్కసారిగా మూడో వంతు ఎత్తేస్తే చేపలు అవే, మేత అదే, పనిచేసే బ్యాక్టీరియా మాత్రం తగ్గిపోతుంది, మిగిలిన రాళ్ల మీద అవి పెరిగి ఆ పని అందుకోవడానికి టైమ్ కావాలి కదా. అందుకే ఒకసారికి మొత్తంలో పదో వంతు దాటకండి. తీసిన మర్నాటి నుంచి వారం పాటు రోజూ అమోనియా టెస్ట్ చేయండి. 0.25 పీపీఎం కనపడిందా, మేత సగం చేసి 20 శాతం నీళ్లు మార్చండి, అది మళ్లీ సున్నాకి వచ్చేదాకా తర్వాతి రాయి జోలికి వెళ్లొద్దు.

ముందురోజే చేయాల్సిన పని ఒకటుంది, ఉప్పునీళ్లు కలిపి పెట్టుకోవడం. ఒక పెద్ద డబ్బాలో హీటర్, చిన్న పంపు వేసి రాత్రంతా తిప్పండి, ఉప్పు 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35), వేడి 78 డిగ్రీల ఫారెన్‌హీట్, మీ టాంక్ ఎంతుంటే అంతే. పది పౌండ్ల రాయి బయటికొస్తే దాని చోటే అర గ్యాలన్ దాకా ఖాళీ అవుతుంది, బకెట్లలోకి తోడే నీళ్లు వేరే.

ఇక్కడే నేను దెబ్బతిన్నా, అందుకే గట్టిగా చెప్తున్నా. సంప్ (టాంక్ నీళ్లు దిగి పంపుతో మళ్లీ పైకి వెళ్లే కింది తొట్టి) ఉన్న టాంక్‌లో తగ్గిన నీళ్లు పైన కనపడవు, సంప్‌లో తగ్గుతాయి. ఆవిరైన నీళ్లకి బదులు తనంతట తనే నీళ్లు పోసే ఆటో టాప్ ఆఫ్‌కి అది రాయి తీసినందుకు తగ్గిందా ఆవిరై తగ్గిందా అనేది తెలీదు, మంచినీళ్లు పోసుకుంటూ పోతుంది. రెండో విడతలో నేను దాన్ని ఆపడం మర్చిపోయా, సాయంత్రం చూస్తే టార్చ్ కోరల్ వేళ్లన్నీ లోపలికి ముడుచుకుని ఎముకలా కనపడుతోంది, ఉప్పు కొలిస్తే 35 ఉండాల్సింది 33.5 ఉంది. మళ్లీ పైకి తేవడానికి రెండు రోజులు పట్టింది, ఒక్కసారిగా పెంచకూడదు కాబట్టి. కాబట్టి పని మొదలెట్టే ముందు సంప్‌కి నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో టేప్ అంటించండి, ఆటో టాప్ ఆఫ్ ప్లగ్ పీకేయండి, అంతా అయ్యాక పంపు నడుస్తుండగా ఆ గీత దాకా ఉప్పునీళ్లు పోశాకే మళ్లీ పెట్టండి. హీటర్, పవర్‌హెడ్ (టాంక్‌లో నీళ్లు తిప్పే పంపు) ప్లగ్‌లు కూడా తీసేయాలి, చేతులు నీళ్లలో ఉన్నప్పుడు కరెంట్ ఉండకూడదు, పైగా నీళ్లు తగ్గి వేడి హీటర్ గాలిలోకి తేలితే గాజు పగులుతుంది.

ఇప్పుడు రాయి తీయడం. పైనుంచే తీయండి. అడుగున ఇసుకలో కూరుకున్న రాయి లాగితే రెండు సమస్యలు, పైవి దొర్లి అద్దం మీద పడొచ్చు, ఇంకోటి దాని కింద ఏళ్లుగా గాలాడని నల్ల ఇసుక కదిలి కుళ్లిన గుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికొస్తుంది, అది చేపలకి విషం. అలాంటి రాయిని వదిలేయమనే నా సలహా. తీసే రాయిని గాలిలోకి ఎత్తకుండా, చిన్న టబ్ టాంక్‌లోనే ముంచి నీళ్లలోనే అందులోకి జరిపి టబ్‌తో సహా తీయండి. రాయికి పట్టిన స్పాంజ్ జీవులకి గాలి తగిలితే లోపల బుడగలు చిక్కుకుని చచ్చిపోతాయి, అవి కుళ్లితే మళ్లీ అమోనియానే.

తీసిన రాయిని వెంటనే పక్కన పడేయకండి. నా మూడో రాయి టబ్‌లో పెట్టి అలా చూస్తూ కూర్చున్నా, పది నిమిషాలకి పెన్సిల్ పట్టేంత కన్నంలోంచి చిన్న తల బయటికొచ్చింది, రెండు కళ్లూ చెరో వైపు తిప్పుకుంటూ చూస్తోంది, మా బ్లెనీ చేప. నేను అది టాంక్‌లోనే ఉందనుకున్నా. మీ చేపలన్నీ లెక్కపెట్టుకోండి, ఒకటి తగ్గితే రాయిలోనే ఉంటుంది. మాండరిన్ చేప ఉన్నవాళ్లు ఇంకో మాట కూడా ఆలోచించాలి, అది తినే కోపిపాడ్స్ అనే చిన్న పురుగుల్లాంటి జీవులు పెరిగేది ఈ రాళ్ల మీదే, ఎక్కువ తీసేస్తే దాని మేతే పోతుంది.

మనుషుల సంగతికి వస్తా, ఇది అన్నిటికంటే ముఖ్యం. రాయి మీద జోయాంథిడ్స్, పాలీథోవా అనే కోరల్ లాంటి జీవులు ఉన్నాయేమో చూడండి, బటన్లలా గుంపుగా ఉంటాయి, ముడుచుకుంటే గుర్తుపట్టడం కష్టం. వాటిలో కొన్నిట్లో పాలీటాక్సిన్ ఉంటుంది, హవాయి యూనివర్సిటీ వాళ్లు 1971లో వేరుచేసిన విషం, దానికి విరుగుడు మందు లేదు. రాయిని ఉడకబెట్టకండి, వేడినీళ్లు పోయకండి, బయట ఎండబెట్టి బ్రష్‌తో గీకకండి, ప్రెషర్ వాషర్ అసలే వద్దు. ఆవిరితోనో తుంపరతోనో అది ఊపిరిలోకి పోతుంది. 2018లో ఇంగ్లాండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక కుటుంబం టాంక్ క్లీన్ చేస్తూ దీని బారిన పడితే ఇంటికొచ్చిన ఫైర్ సిబ్బందిని కూడా హాస్పిటల్‌కి తీసుకెళ్లాల్సొచ్చింది. అలాస్కాలో 2012 నుంచి 2014 మధ్య ఇళ్లల్లో, షాపుల్లో ఇలాంటి కేసులొచ్చాయని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రాసింది. స్టవ్ మీద పెద్ద గిన్నెలో మరగబెడితే రాయి శుభ్రమైపోతుంది కదా అనిపిస్తుంది, ఆ వంటింట్లోనే పిల్లలుంటారు, అమ్మానాన్నలుంటారు, గుర్తుపెట్టుకోండి. నోట్లో లోహం రుచి, దగ్గు, ఆయాసం, జ్వరం, ఒళ్లు నొప్పులు, కళ్లు మండటం, వీటిలో ఏది వచ్చినా అందరూ బయటికి వెళ్లిపోయి వెంటనే డాక్టర్‌కి పాలీటాక్సిన్ అనే మాట చెప్పండి, చాలామందికి అది తట్టదు. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, ఊపిరి అందకపోతే నేరుగా 911.

మోచేతి దాకా వచ్చే గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, చేతికి తెగిన గాయం ఉంటే ఆ వారం పని వాయిదా వేయండి. రాళ్లలో ఉండే బ్రిసిల్ వార్మ్ అనే పురుగు ముళ్లు గుచ్చుకుంటే టేప్ అంటించి లాగితే వస్తాయి, అది చిన్న విషయం. కానీ వేలి మీద కురుపు లేచి వారాలు గడిచినా మానకపోతే డాక్టర్‌కి అక్వేరియం ఉందని చెప్పండి, మైకోబాక్టీరియం మరైనమ్ అనే ఇన్‌ఫెక్షన్ ఇలాగే వస్తుంది, మామూలు మందులకి తగ్గదు.

తీసిన రాళ్లని ఊళ్లో చెరువులోనో సముద్రంలోనో వేయొద్దు, ఎక్కడివో జీవులు అందులో ఉంటాయి. హైదరాబాద్‌లో తమ్ముడు టాంక్ పెడుతున్నాడు లగేజీలో తీసుకెళ్దాం అని కూడా అనుకోకండి, కోరల్ రాయి సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అపెండిక్స్‌లో ఉంది, పర్మిట్ లేకుండా దేశం దాటించకూడదు, అక్కడ 1972 వన్యప్రాణి చట్టంలో రాతి కోరల్స్ షెడ్యూల్ 1లో ఉన్నాయి. నా రాళ్లు మాత్రం గరాజ్‌లో మూత ఉన్న డబ్బాలో, ఉప్పునీళ్లు, హీటర్, పంపుతో పెట్టా. టాంక్‌లో అమోనియా లేస్తే ఆ రాయే మళ్లీ లోపల పెట్టొచ్చు, అందుకే నాలుగో విడత అయ్యాక కూడా నెల దాకా ఆ పంపు ఆపలేదు.