లైట్లన్నీ ఒకేసారి వెలిగితే ఈసీఎం కంటే ముందు ఎర్త్ చూడాలి

కారు స్టార్ట్ చేయగానే చెక్ ఇంజిన్, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ), పవర్ స్టీరింగ్ హెచ్చరిక లైట్లు కలిసి వెలుగుతాయి. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కుతుంది, కాసేపటికి అంతా సర్దుకుని నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అదే మొదలవుతుంది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెడితే యు0100, యు0121, యు0131 వంటి కోడ్‌లు, అంటే ఇంజిన్, ఏబీఎస్, స్టీరింగ్ మాడ్యూళ్ళతో (వాటిని నడిపే చిన్న కంప్యూటర్లతో) సంబంధం తెగిందని చెప్పే కోడ్‌లు వరుసగా కనిపిస్తాయి. వాటిని చూపించి ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, పోయిందని, లేదా స్టీరింగ్ అసెంబ్లీ మొత్తం మార్చాలని పదుల వేల రూపాయల ఎస్టిమేట్ ఇస్తారు. దాని మీద సంతకం పెట్టే ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

మూడు మాడ్యూళ్ళు ఒకే రోజున విడివిడిగా పాడవడం దాదాపు జరగని పని. కాబట్టి ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని, అంటే బ్యాటరీ కరెంటును, ఎర్త్‌ను (కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారిని), మాడ్యూళ్ళు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ వైర్లను ముందుగా చూడాలి. ఆశ్చర్యం కలిగించే విషయమేమిటంటే, స్కానర్‌తో గంటలు గడిపినవారు కూడా రెండు నిమిషాలు పట్టే మల్టీమీటర్ పరీక్షను వదిలేస్తారు.

బ్యాటరీ సంగతి త్వరగా తేలుతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగానికి పడిపోయినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీని అనుమానించాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి, స్మార్ట్ ఛార్జింగ్ ఉన్న కొత్త కార్లలో మాత్రం ఇది కొంత పైకీ కిందికీ మారుతుంది. మన ఎండలకు మూడు నాలుగేళ్ళు దాటిన బ్యాటరీని లోడ్ టెస్టర్‌తో (ఎక్కువ కరెంటు లాగి చూసే పరికరంతో) పరీక్షించకుండా బాగుందని ఎవరు చెప్పినా నమ్మకూడదు.

బ్యాటరీ బాగుండి కూడా లక్షణాలు పోకపోతే, ఎన్నో కార్ల యజమానుల జేబులు ఖాళీ చేయించిన అసలు దోషి ఎర్త్. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి ఒక వైరు, ఇంజిన్ లేదా గేర్‌బాక్స్‌కు మరొక వైరు ఉంటాయి. కారులోని కరెంటంతా తిరిగి బ్యాటరీని చేరేది వీటి గుండానే. బోల్టు కింద తుప్పు పట్టినా, అల్లిక వైరులో సగం పోగులు తెగినా, కరెంటు ఎక్కువగా పారిన క్షణంలో బాడీ వోల్టేజి సున్నా దగ్గర నిలవక పైకి లేస్తుంది. దానినే ఆధారం చేసుకున్న సెన్సార్లు తప్పు విలువలు పంపుతాయి, మాడ్యూళ్ళు మధ్యలో రీసెట్ అవుతాయి. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మోటారు మలుపు దగ్గర ఒక్కసారిగా కరెంటు లాగుతుంది గనుక మొదటి లైటు చాలాసార్లు దానిదే అవుతుంది.

ఇది ఎందుకు దొరకదంటే, పరీక్షించే పద్ధతే తప్పు. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి వైరు రెండు కొనలూ ముట్టించి, మోగింది కాబట్టి బాగుందని తేల్చేస్తారు. మీటరు పంపే కరెంటు అత్యల్పం, దానికి ఒక్క పోగు మిగిలినా చాలు. సెల్ఫ్ లాగే కరెంటు వంద ఆంపియర్లు దాటుతుంది. 150 ఆంపియర్లు పారేచోట 0.01 ఓమ్ నిరోధం ఉన్నా 1.5 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి, ఆ 0.01 ఓమ్‌ను మామూలు మీటరు చూపించలేదు.

అందుకే కరెంటు పారుతుండగానే కొలవాలి. మీటరును డీసీ వోల్టులలో పెట్టి, నల్ల ప్రోబును క్లాంపు మీద కాక బ్యాటరీ నెగటివ్ సీసపు కొమ్ముకే ఆనించి, ఎర్ర ప్రోబును ఇంజిన్ బ్లాకు మీద పెయింటు లేని చోట గట్టిగా నొక్కి, వేరొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. 0.2 వోల్టు లోపు ఉంటే బాగున్నట్టే, 0.5 దాటితే దోషం దొరికినట్టే. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేసి, స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పుతూ బాడీ మీద ఇదే కొలత తీసుకోవాలి. అక్కడ 0.1 లోపే ఉండాలి. అనుమానం ఇంకా మిగిలితే, బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ బ్లాకుకు ఒక జంపర్ కేబుల్ తాత్కాలికంగా తగిలించి చూడాలి. సెల్ఫ్ చురుగ్గా తిరిగి లైట్లు ఆరిపోతే ఎస్టిమేట్ కాగితంతో పనిలేదు.

కారు చరిత్ర కూడా చాలా చెబుతుంది. యాక్సిడెంట్ తర్వాత డెంటింగ్, పెయింటింగ్ చేయించిన కార్లలో ఎర్త్ బోల్టు కూర్చునే చోట పెయింటు పడి ఉంటుంది, పైకి బిగుతుగా, శుభ్రంగా కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపట్టణాల ఉప్పుగాలి బోల్టులను త్వరగా తినేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు నీట మునిగిన కార్ల వంటివి సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు కార్పెట్ ఎత్తి, సీట్ల కింద, డోరు గడపల దగ్గర ఉండే ఎర్త్ పాయింట్లను తప్పక చూడాలి. అక్కడ పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని తాకకూడదు.

బాగుచేయడం కష్టం కాదు. బ్యాటరీ నెగటివ్ విప్పి, బోల్టు తీసి, వైరు చివరి లోహపు లగ్గునూ అది కూర్చునే చోటునూ మెరిసే లోహం కనబడేదాకా ఎమరీ పేపరుతో గీకి, స్టార్ వాషర్‌తో బిగించి, బిగించిన తర్వాతే పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. పోగులు తెగిన వైరును అతకకుండా కొత్తది వేయాలి, దాని ఖర్చు వందల రూపాయల్లోనే ఉంటుంది. నెగటివ్ క్లాంపు మీద చిన్న సెన్సార్ ఉన్న కార్లలో దాన్ని మెలితిప్పకూడదు. వారంటీలో ఉన్న కారుకు ఈ పనంతా సర్వీస్ సెంటర్ చేతనే చేయించి, కొలతలు తీసేటప్పుడు పక్కన నిలబడాలి.

సర్వీస్ అడ్వైజర్‌తో మాట విషయంలో మెత్తబడకూడదు. సమస్యను మన మాటల్లోనే జాబ్ కార్డులో రాయించాలి. కోడ్‌లు చెరిపేయక ముందే వాటి ప్రింటు అడగాలి. ఎర్త్ వోల్టేజి డ్రాప్, అంటే పైన చెప్పినట్టు కొలిచిన వోల్టులు, ఎంత వచ్చిందో అంకెతో రాసి సంతకం చేయమనాలి. మార్చిన పాత భాగం తిరిగి ఇస్తామని, కొత్తది వేసినా సమస్య పోకపోతే డబ్బు వాపసు చేస్తామని ముందే కాగితం మీద ఒప్పుకోమనాలి. ఈసీఎం ఒకసారి ఆ కారుకు కోడింగ్ అయ్యాక వెనక్కి తీసుకోబోమని వారు చెప్పడం మామూలే గనుక ఈ చివరి షరతు ముఖ్యం. వారు తిరస్కరిస్తే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ రాసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్ళాలంటే రెండేళ్ళ లోపు వెళ్ళాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే అక్కడ ఫీజు ఉండదు. బయటి ఆటో ఎలక్ట్రీషియన్ కొలతలతో రాసిచ్చిన నివేదిక అక్కడ బాగా ఉపయోగపడుతుంది.

ఎర్త్ కూడా బాగుంటే ఎలుకలు కొరికిన వైర్ల కోసం బానెట్ కింద వెతకాలి. ఆల్టర్నేటర్ డయోడ్, ఇగ్నిషన్ స్విచ్ వంటివి అరుదు. ఈసీఎం నిజంగా పోవడం ఇంకా అరుదు. దాని కనెక్టర్ దగ్గర, లోడ్ ఉండగా, పాజిటివ్‌లోనూ ఎర్త్‌లోనూ వోల్టేజి సరిగ్గా ఉండి, క్యాన్ వైర్లు తెగకుండా ఉండి, అయినా అది స్కానర్‌కు పలకకపోతే అప్పుడు మార్పుకు ఒప్పుకోవచ్చు.