చుట్ట తిప్పి ఊదే వాద్యాలు: తయారీదారుని గుర్తించడం – 3వ పాఠం

గత పాఠంలో వాద్యాన్ని విప్పకుండా పైపైన పరిశీలించాం. ఇప్పుడు దాని మీది పేటెంట్ ముద్రను చదవడం నేర్చుకుందాం. ఉదాహరణకు 1920ల చివర అమెరికాలోని బాల్టిమోర్‌లో తయారైన రోల్మోనికాను తీసుకుందాం. ఇది బేకలైట్ (తొలినాటి ప్లాస్టిక్) పెట్టెలో అమర్చిన మౌత్ ఆర్గాన్. పిడి తిప్పుతూ ఊదితే రంధ్రాలున్న కాగితపు చుట్ట రీడ్లకు (గాలికి కంపించి స్వరం పలికే సన్నని రేకులకు) అడ్డంగా కదులుతుంది, రంధ్రం ఎదురైన రీడుకు మాత్రమే గాలి అందుతుంది. (ఊదే చుట్ట అనగానే మనవాళ్లకు పొగాకు గుర్తుకొస్తే అది నా తప్పు కాదు.)

పెట్టె మీద పెద్ద అక్షరాలలో ఉన్నది సరుకు పేరు. దాన్నే తయారీదారు పేరుగా రాసుకోవడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు. వాద్యాన్ని కనిపెట్టినవాడు, తయారుచేసినవాడు, అమ్మినవాడు ముగ్గురూ వేరు కావచ్చు. ఈ చిక్కు విప్పడానికి చిన్న అక్షరాలే ఆధారం.

అమెరికా చట్టం ప్రకారం 1927 ఫిబ్రవరి వరకు పేటెంట్ పొందిన సరుకు మీద మంజూరైన తేదీ, ఆ తర్వాత పేటెంట్ సంఖ్య వేయాల్సి ఉండేది. అందువల్ల తేదీ మాత్రమే ఉంటే పాత పద్ధతి అనీ, సంఖ్య ఉంటే బహుశా కొత్త పద్ధతి అనీ ఊహించవచ్చు గానీ, పాత అచ్చునే కొన్నాళ్లు వాడి ఉండే అవకాశాన్ని మరువకూడదు. "పేటెంట్ పెండింగ్" అని ఉంటే దరఖాస్తు పెట్టామని చెప్పుకోవడమే, మంజూరైనట్టు కాదు. అరిగిపోయిన తేదీని సరిచూసుకోవడానికి ఒక చిట్కా ఉంది: ఆ కాలంలో అమెరికా పేటెంట్లు మంగళవారమే వెలువడేవి కనుక, మీరు చదివిన తేదీ మంగళవారం కాకపోతే అంకెను తప్పుగా చదివి ఉంటారు.

సంఖ్య దొరికాక పేటెంట్ పత్రంలో వివరణ మొదలయ్యే పుటను చూడండి. ఆవిష్కర్త పేరు పక్కన హక్కు బదిలీ పొందిన కంపెనీ పేరు ఉంటే అది బలమైన ఆధారమే, కానీ అంతటితో ఆగవద్దు. ఆ కంపెనీ ఆ ఊళ్లో నిజంగా పనిచేసిందో లేదో అప్పటి నగర డైరెక్టరీలలోనూ (ఊళ్లోని వ్యక్తుల, వ్యాపారాల చిరునామాల పుస్తకాలు), "ది మ్యూజిక్ ట్రేడ్ రివ్యూ" వంటి వ్యాపార పత్రికల ప్రకటనలలోనూ చూడాలి.

వాద్యంతో దొరికిన చుట్టను మాత్రం తొందరపడి నమ్మకండి. దాని మీది పాట ఎప్పటిదో తెలిస్తే ఆ చుట్ట అంతకు ముందుది కాదని మాత్రమే తేలుతుంది, వాద్యం వయసు కాదు.

అభ్యాసం: పియానో రోళ్లకు (పియానో దానంతటదే మోగేలా చేసే కాగితపు చుట్టలకు) పేరుపొందిన క్యూఆర్‌ఎస్ సంస్థ శాక్సఫోన్ ఆకారంలో తెచ్చిన ప్లే-ఎ-శాక్స్ ఫొటోలు వెతికి, వాటిలో కనిపించే ముద్రలను సరుకు పేరు, కంపెనీ, పేటెంట్ అని మూడు వరుసలలో రాయండి. చదవలేనిచోట ఖాళీ వదలండి, ఊహతో నింపవద్దు.