‘కనికరపడి’ వెనుకనున్న గ్రీకు క్రియ అర్థాన్ని తేల్చుకోవడం ఎలా?

బైబిలులోని ఒక్కో మూలపదానికి ఒక్కో సంఖ్య ఇచ్చే స్ట్రాంగ్స్ పద్ధతిలో, ఏ పదం ఏ వచనాల్లో వచ్చిందో చూపే పదానుక్రమణిక దగ్గరుంటే, గ్రీకు రానివారు కూడా కొత్త నిబంధనలోని ఒక క్రియను చాలా దూరం వెంబడించవచ్చు. తప్పిపోయిన కుమారుడు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూచి, ‘కనికరపడి’ పరుగెత్తాడని చెప్పే లూకా 15:20ను తీసుకుందాం.

మొదట నిఘంటు రూపాన్ని పట్టుకోవాలి. ఆ వచనంలో ఉన్నది ‘ఎస్‌ప్లాంఖ్నిస్థే’. ఇందులో మొదటి ‘ఎ’ భూతకాలాన్ని, చివరి ‘థే’ కర్మణి రూపాన్ని సూచిస్తాయి. రూపం కర్మణిదైనా అర్థం కర్తరిదే కాబట్టి దీన్ని ‘స్ప్లాంఖ్నిజొమై’ అని, 4697వ సంఖ్య కింద వెతకాలి.

తర్వాత ఆ క్రియ వచ్చిన చోట్లన్నీ కాగితంపై రాసుకోవాలి. మత్తయిలో 5, మార్కులో 4, లూకాలో 3, మొత్తం 12 చోట్లు మాత్రమే. యోహాను సువార్తలోగాని అపొస్తలుల పత్రికల్లోగాని (లేఖల్లోగాని) ఇది కనబడదు. ఎక్కువ చోట్ల కర్త యేసే. మిగిలినవాటిలో ఉపమానాల్లోని యజమాని, సమరయుడు, తండ్రి ఉన్నారు.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది: ఈ క్రియకు ముందూ వెనుకా ఏ క్రియలున్నాయో చూడాలి. లూకాలోని మూడు చోట్లా వరుస ఒక్కటే. చూడడం, కనికరపడడం, దగ్గరకు వెళ్లడం. నాయీను ఊరిలో కొడుకు చనిపోయిన విధవరాలిని చూచిన ప్రభువు కనికరపడి, దగ్గరకు వచ్చి పాడెను ముట్టాడు. దారిలో గాయపడి ఉన్నవాణ్ణి ఆదుకున్న సమరయుడి కథలో యాజకుడూ లేవీయుడూ కూడా అతణ్ణి చూశారు, కాని ప్రక్కగా వెళ్లిపోయారు. ముగ్గురికీ ‘చూచుట’ సమానమే గనుక, సమరయుడిని వేరుచేసింది ఈ ఒక్క క్రియే. అది మనసులో ఆగిపోయే జాలి కాదని ఏ నిఘంటువుకన్నా ఈ పోలికే గట్టిగా చెబుతుంది.

వ్యుత్పత్తిని ఆ తర్వాతే చూడడం మంచిది. ‘స్ప్లాంఖ్న’ అంటే లోపలి అవయవాలు. అపొస్తలుల కార్యములు 1:18లో ఇస్కరియోతు యూదా పేగుల గురించి వాడింది ఆ మాటనే. కడుపు తరుక్కుపోయిందనే మనకు ఇది వింతగా తోచదు గాని, ప్రతి వచనంలోనూ పేగులను వెతికి ప్రసంగం చేయడం అతి.

చివరగా పాఠభేదాలు, అంటే పాత చేతిరాత ప్రతుల మధ్య మాటల తేడాలు చూడాలి. మార్కు 1:41లో కుష్ఠరోగిని ముట్టుకునే ముందు యేసు ‘కనికరపడి’ అని ఎక్కువ ప్రతుల్లో ఉండగా, బేజా అనే పాత చేతిరాత ప్రతిలో ‘కోపించి’ అని ఉంది. పండితులు వాడే గ్రీకు కొత్త నిబంధన అయిన నెస్లే–ఆలండ్ ముద్రణ మొదటి పాఠాన్నే ఉంచినా, పండితుల మధ్య వాదం తెగలేదు కాబట్టి, జాబితాలో ఆ వచనం పక్కన ఒక గుర్తు పెట్టుకుని, మీ నిర్ణయాన్ని మిగిలిన 11 చోట్లపైనే నిలబెట్టండి.