స్వచ్ఛంద ఆసుపత్రిలో కొత్త పద్ధతి నిలబడాలంటే ఏం చేయాలి?

ఆసుపత్రి నడిపేది మీరైతే, ముందు ఒక పూట మీ గదిలోంచి బయటికొచ్చి ఒక రోగి వెంట నడవండి. చీటీ రాయించుకున్న దగ్గర్నుంచి మందులు తీసుకుని గేటు దాటేదాకా ఎక్కడ ఎంతసేపు నిలబడ్డారో రాసుకోండి. ఒకే వివరాన్ని మూడు కౌంటర్లలో మూడుసార్లు చెప్పించుకుంటున్నామని అప్పుడు కంటపడుతుంది. నెలవారీ రిపోర్టుల్లో ఇది దొరకదు.

ఆ చిక్కుల్లో ఒక్కదాన్నే పట్టుకోండి. ఏం చేస్తే పోతుందో నర్సులను, రిజిస్టరు రాసేవాళ్లను అడగండి. చాలాసార్లు వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది, అడిగేవాళ్లు లేక ఊరుకుంటారు. వాళ్లు చెప్పినదాన్ని ఒక వార్డులో, ఒక వారం చేసి చూడండి. ఏది మారితే ఫలించినట్టో మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి.

ఎంతమందికి చెప్పామన్నది లెక్క కాదు, ఎంతమంది పాటించారన్నదే లెక్క. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980లో ఇంటింటికీ వెళ్లి, పిల్లలకు విరేచనాలైతే పట్టాల్సిన ఉప్పు బెల్లం నీళ్లు కలపడం తల్లులకు నేర్పడం మొదలుపెట్టింది. మూడువేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర లీటరు నీళ్లు. కార్యకర్తల జీతం తిరిగిన ఇళ్లను బట్టి కాదు, తర్వాత వెళ్లి అడిగితే తల్లులకు ఎంత గుర్తుందన్నదాన్ని బట్టి ఇచ్చింది. అయినా, గుర్తున్న తల్లులు కూడా వాడడం లేదు! ఆరా తీస్తే, ఆ నీళ్ల మీద నేర్పే కార్యకర్తలకే గురి లేదని తేలింది. అవి ఒంట్లో ఎలా పనిచేస్తాయో వాళ్లకు విడమరచి చెప్పాకే వాడకం పెరిగింది. పదేళ్లలో కోటికి పైగా ఇళ్లకు చేరింది.

అందుకే ఆర్డరు వేసేముందు మీ సిబ్బందిని కూర్చోబెట్టి అడగండి: "మీ అమ్మనే ఇక్కడ చేర్పిస్తే, ఇదే పద్ధతి కావాలంటారా?" ఎవరైనా నీళ్లు నమిలితే అక్కడే ఆగి, ఎందుకో వినండి. నా దృష్టిలో నాయకుడి పనంతటిలో ఇదే కష్టమైనది. ప్రయోగం బెడిసికొడితే ట్రస్టు బోర్డు ముందు మీరే నిలబడండి. ఒక్కసారి నర్సు మీదకు నెట్టారంటే, ఇక ఎవరూ నోరు విప్పరు.

డబ్బు సంగతీ మొదట్లోనే చూసుకోవాలి. మదురైలో 1976లో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి, చెల్లించగలవాళ్ల ఫీజులతో లేనివాళ్లకు ఉచితంగా ఆపరేషన్లు చేస్తూ వచ్చింది. విరాళం అయిపోయాక మీ పద్ధతికి నెలకు ఎంతవుతుందో, అది ఎక్కణ్ణుంచి వస్తుందో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం మీదే, మూడు నెలల తర్వాత మళ్లీ రోగి వెంట నడిచి చూసేది ఎవరో పేరు, తేదీ వేయండి.